మిగతా కారు ఎక్కడ?

మా ఉన్నత పాఠశాలకు ప్రభుత్వ వాహనం ఉన్న సంగతి జిల్లాలో అందరికంటే ఆఖరున మాకు తెలిసింది. ఒక ఉదయం డ్రైవరు వచ్చి, కారు తాళాలు ఎవరిని అడగాలండీ అన్నాడు. అప్పుడు తెలిసింది.

అది ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నేను ఈ బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. ఎక్కువ చూపించడమూ తక్కువ చూపించడమూ రెండూ కొలతలో దోషాలేనని పిల్లలకు చెప్పే ఉద్యోగం కనుక, నేనూ ఆ జాగ్రత్తలోనే ఉంటాను.

కారు ఉన్నమాట నిజమే. పొడవు జానెడుకు కాస్త తక్కువ. ప్లాస్టిక్ ఇటుకలతో కట్టినది. నెత్తిన బొడిపెలు, అడుగున గుంటలు, ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని అతుక్కునే ఆ బొమ్మ ఇటుకలు పిల్లలున్న ఇళ్ళలో అందరికీ తెలుసు. చెప్పుల్లేకుండా నడిచేవారికి మరీ తెలుసు. మా ఇంట్లో పిల్లలు లేరు. మా ఆయన ఉండేవారు.

మా ఆయన దేవళ్ళ నరసింగరావు గారు సహకార బ్యాంకులో గుమాస్తాగా చేశారు. మాకు పెళ్ళయిన కొత్తలో టీవీలో గురువారం సాయంత్రాలు ఒక డిటెక్టివ్ సీరియల్ వచ్చేది. ఆ డిటెక్టివ్ ఏ దొంగనూ పట్టుకోలేదు. ఆయన చేరేసరికి దొంగ తనంతట తనే పశ్చాత్తాపపడి, సొమ్ము తిరిగిచ్చేసి, టీ తాగుతూ కనిపించేవాడు. కారణం ఆయన కారు. ఆవపిండి రంగు. నెత్తిన సామాను క్యారియరు, దాని మీద ఎప్పుడూ ఒకే సూట్‌కేసు. కుడి తలుపు తెరుచుకోదు. డిటెక్టివ్ ఎడం తలుపులోంచి ఎక్కి, పంచె గేరు కడ్డీకి తగులుకోకుండా కాళ్ళు దాటించి, స్టీరింగు ముందుకు చేరేసరికి సగం ఎపిసోడు అయిపోయేది. ఆ సీరియల్ ఇప్పుడెవరికీ గుర్తులేదు. మా ఆయనకు ప్రతి ఎపిసోడూ గుర్తే.

రిటైరయ్యాక ఆ కారు కడతానని కూచున్నారు. బొటనవేలంత బొమ్మమనిషి లోపల కూచోగలిగిన కొలతలో కట్టాలి. అలాంటి కారు ఏ కొట్లోనూ దొరకదు. ఇలా కట్టు అని చెప్పే కాగితమూ ఉండదు. ఉన్న ఇటుకలతో తలబద్దలు కొట్టుకుని కట్టుకోవడమే. ఆరు బొడిపెల వెడల్పు పెడితే ఇద్దరు బొమ్మలు పక్కపక్కన పట్టరు, మోచేతులు కొట్టుకుంటాయి. ఎనిమిది పెడితే అది కారు కాదు, ఇసుక లారీ. ఆ రెండు బొడిపెల తేడా గురించి ఆయన భోజనం దగ్గర కూడా మాట్లాడేవారు. ముందు ముక్కు ఏటవాలుగా రావడానికి ఇటుకలను పక్కకు పడుకోబెట్టి అతికించే కిటుకొకటి కనిపెట్టి, పొయ్యి కట్టేయించి మరీ నన్ను పిలిచి చూపించారు. కుడి తలుపు తెరుచుకోకూడదన్న విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు.

కారు సగమైంది. పోయిన వానాకాలంలో ఆయన పోయారు.

ఆ సగం కారును ఇంట్లో కూచుని పూర్తిచేయడం నాకు కుదరలేదు. అట్టపెట్టెలో బడికి తెచ్చి, తీరిక పీరియడులో సైన్సు గది బల్ల మీద కట్టాను. మోచేతుల చిక్కు నేనే విప్పాను. ఎడం సీటులో బొమ్మకు ఒక చెయ్యి పైకెత్తాను. ఆరు బొడిపెలూ సరిపోయాయి. కళ్ళద్దాలున్న తల, గళ్ళ చొక్కా ఉన్న మొండెం వెతికి తగిలించాను. చెయ్యెత్తి ఎవరినో పలకరిస్తున్నట్టు ఉన్నాడు బొమ్మమనిషి. పోలిక కుదిరింది. స్టీరింగు ముందు సీటు మాత్రం ఖాళీగా వదిలాను.

అదే రోజుల్లో పైనుంచి ‘శకటశ్రీ’ పథకం వచ్చింది. ప్రతి ప్రభుత్వ సంస్థా తన వాహన సంపదను ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. ‘వాహనాల సంఖ్య’ అని ఒక గడి ఉంది. ఆ గడి సున్నను తీసుకోదు. సున్న నొక్కితే, దయచేసి సరైన అంకె వేయండి అంటుంది. ఖాళీగా వదిలితే జిల్లా పటంలో ఆ బడి ఎర్రగా వెలుగుతుంది. ఎర్రబడిన బడి హెడ్మాస్టరు శనివారం వీడియో సమావేశంలో అందరి ముందూ నిలబడి కారణం చెప్పుకోవాలి. మాకు వాహనం లేదండీ అని చెప్పుకున్న ఒక హెడ్మాస్టరును, లేకపోతే ఆ లేనిదాని ఫొటో పెట్టడానికేం అని అడిగారట.

మా హెడ్మాస్టరు పోలినాయుడు గారు అబద్ధమాడలేరు. నలుగురిలో నిలబడి మాట్లాడనూ లేరు, కాళ్ళు వణుకుతాయి. ఈ రెంటి మధ్యా నలిగిపోతూ ఒక మధ్యాహ్నం సైన్సు గదిలోకి వచ్చి, బల్ల మీద కారు చూసి, ఫొటో తీసుకోవచ్చా టీచరు గారూ అని మర్యాదగా అడిగారు. ముచ్చటపడి అడుగుతున్నారనుకుని సరేనన్నాను.

ఫొటో తీసే విద్యలో మా హెడ్మాస్టర్లను మించినవారు లేరు. మధ్యాహ్న భోజనంలో పెట్టే కోడిగుడ్డు ఫొటో రోజూ పైకి పంపాలి. గుడ్డు చిన్నదిగా ఉందేమని ఒకసారి వ్యాఖ్య వచ్చింది. అప్పటినుంచి పోలినాయుడు గారు నేల మీద బోర్లా పడుకుని, ఫోను గుడ్డు ముక్కుకు ఆనించి, గుడ్డు వెనక పిల్లలు చీమల్లా కనబడేటట్టు తీయడం సాధన చేశారు. కారునూ అదే పద్ధతిలో తీశారు. వెనక కిటికీలోంచి కొబ్బరిచెట్లు, వాటి మొదట్లో ఆవపిండి రంగు కారు. ఆ ఫొటోలో చూస్తే నాకే ఎక్కి కూచోవాలనిపించింది.

యాప్ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆయన నిజమే చెప్పారు. చక్రాలు నాలుగు. కదులుతుందా అంటే కదులుతుంది. డ్రైవరు లేడు. ప్రయాణికులు ఒకరు. పొడవెంత అని యాప్ అడగలేదు. కారు అని నొక్కగానే ‘నాలుగు మీటర్లు’ అని తనంతట తనే వేసుకుంది.

మా బడి పచ్చగా వెలిగింది.

కారుండీ డ్రైవరు లేని సంస్థ అని పటంలో మా మీద ఇంకో మచ్చ పడిందట. దాన్ని తుడవడానికి నూకరాజును పంపారు. నడివయసు మనిషి, తెల్ల యూనిఫారం, జేబులో దువ్వెన. ఏదో ఆఫీసులో చాలా కాలంగా జీపు లేని జీపు డ్రైవరుగా పనిచేస్తూ వచ్చాడు. హెడ్మాస్టరు గారు అతన్ని సైన్సు గదికి తీసుకొచ్చి, బల్ల వైపు చెయ్యి చూపించారు.

నూకరాజు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. అంటే బల్ల చుట్టూ తిరిగాడు. వంగి చక్రాలు చూశాడు. ఇంతకుముందు తనకిచ్చిన బండి కంటికే కనపడలేదనీ, ఇది కనపడుతోంది కాబట్టి నయమేననీ అన్నాడు. తరవాత ఎడం సీటులోకి తొంగి చూసి, లోపల కూకున్న సారెవరండీ అని నన్ను అడిగాడు.

"మా ఆయన," అన్నాను.

నూకరాజు నా ముఖం చూశాడు. చెప్పులు విడిచి, "దండాలు సారూ," అని కారులోకి చెప్పి, చేతిసంచీ బల్ల కింద పెట్టి ఉద్యోగంలో చేరాడు.

మర్నాడు బండిపూజ చేస్తానని నిమ్మకాయలు తెచ్చాడు. చక్రం కింద నిమ్మకాయ పెట్టేసరికి కారు ముక్కు గాల్లోకి లేచింది, మా ఆయన వెనక్కి వాలారు. నూకరాజు సారుకి క్షమాపణ చెప్పుకుని, కాయ కోసి, గింజలు తీసి, చక్రానికో గింజ చొప్పున పెట్టి కారును ముందుకు తోశాడు. ఒక్క గింజా నలగలేదు. నలిగినట్టే అనుకుందామండి, దేవుడికి మాత్రం తెలవదేటండి మన బండి బరువు, అన్నాడు.

ప్రభుత్వ వాహనం కదలక మెదలక ఉండరాదు. అందుకని రోజూ ప్రార్థన కాగానే నూకరాజు కారును వరండా పిట్టగోడ మీద సైన్సు గది దగ్గరనుంచి మంచినీళ్ళ కుళాయి దాకా నడిపి, తిప్పి తెచ్చేవాడు. హారను నోటితోనే. మలుపు దగ్గర ఆరో తరగతి వాళ్ళు చేతులు చాపి తోటివాళ్ళను ఆపేవారు. మా డ్రిల్లు మాస్టారు, మైలేజీ ఎంతిస్తోందోయ్ అని వెక్కిరించారు. "మీ స్కూటరు కన్నా నయవండి. తోత్తే ఎల్తంది," అన్నాడు నూకరాజు. స్టాఫంతా నవ్వారు. నేనూ నవ్వాను. మరుసటి వారం చూస్తే కుళాయి దగ్గర ఈల ఊదుతున్నది డ్రిల్లు మాస్టారే.

నడిచే బండికి ఫిట్‌నెస్ ఉండాలి కదా. తనిఖీకి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. చిన్నవయసువారు, చాలా నిష్ఠగల మనిషి. కారును చూసి ఒక్క క్షణం ఆగారు. కాని ఆయన చేతిలోని పత్రంలో ‘కారు’ అని ఉంది, తనిఖీ చేయవలసినవాటిలో ‘ఇది కారేనా’ అన్న ప్రశ్న లేదు. కనుక నేల మీద రుమాలు పరుచుకుని మోకాళ్ళ మీద కూచుని పని మొదలుపెట్టారు.

ముందు పొగ. పొగ కొలిచే యంత్రం గొట్టాన్ని కారు వెనక పెట్టి చూస్తే సున్న చూపించింది. పొగే లేకపోతే మంచిదే కదండీ అన్నారు హెడ్మాస్టరు గారు. మంచిదే గాని యంత్రం సున్నకు సర్టిఫికెట్టు ముద్రించదని ఇన్‌స్పెక్టరు గారు విచారించారు. పొగ బొత్తిగా లేని వాహనం ఇప్పటివరకు వారి యంత్రం చూడలేదు. నూకరాజు సరస్వతి పటం ముందున్న అగరొత్తి తెచ్చి కారు వెనక పట్టుకున్నాడు. యంత్రం సంతోషించింది. ‘పొగ: శ్రేష్ఠం’ అని ముద్రించి ఇచ్చింది.

తరవాత తలుపులు. కుడి తలుపును గోటితో లాగి చూసి, ఇది రావడం లేదే అన్నారు. సీరియల్లో కూడా అంతేనని చెప్పాను. ఆయన ఆలోచించి, తయారీదారు బుద్ధిపూర్వకంగా అలా నిర్మించినచో లోపముగా పరిగణించబడదు అన్నారు. తయారీదారు ఎవరని అడిగారు. మా ఆయన అన్నాను. లోపల కూచున్నవారేనా అన్నారు. అవునన్నాను. తయారీదారే స్వయంగా ప్రయాణిస్తున్నందున వాహనం మిక్కిలి సురక్షితం అని రాసుకున్నారు. సీటు బెల్టు లేదన్నారు. నూకరాజు తన చొక్కా గుండీ దారం తెంపి మా ఆయనకు బెల్టు కట్టాడు. ‘ప్రయాణికుడు ఒకరు, బెల్టు ధరించి ఉన్నారు’ అని అదీ ఎక్కింది.

ఇంతవరకూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. బడిలో పిల్లల హాజరు కూడా పెరిగింది. చిక్కు విశ్వంభరరావు గారితో వచ్చింది.

ఆయన జిల్లా వాహన సంపద సమన్వయాధికారి. పాతకాలపు కారును ఇంత మెరుపుగా ఉంచుకున్న బడిని స్వయంగా చూసి అభినందించాలని శాలువా పట్టుకుని వచ్చారు. వెంట కొలత టేపు పట్టుకున్న సహాయకుడు. టేపు బల్ల మీద పరిచారు. కారు టేపులో మొదటి మడత కూడా దాటలేదు. విశ్వంభరరావు గారు టేపు చూశారు, పత్రం చూశారు, మళ్ళీ టేపు చూశారు. శాలువా మడతపెట్టి సహాయకుడికి ఇచ్చేశారు.

"రికార్డు ప్రకారం వాహనం నాలుగు మీటర్లు. భౌతికంగా జానెడు," అన్నారు. "మిగతా కారు ఎక్కడ?"

హెడ్మాస్టరు గారు ఇది బొమ్మ కారండీ అని చెప్పారు. విశ్వంభరరావు గారు ఆయన వైపు జాలిగా చూశారు. ప్రభుత్వం బొమ్మకు డ్రైవరునిస్తుందా అని అడిగారు. బొమ్మకు ఫిట్‌నెస్ వస్తుందా, బొమ్మ పొగ వదులుతుందా, అదీ శ్రేష్ఠమైన పొగ, అని అడిగారు. ఇంతమంది అధికారులు బొమ్మను చూసి కారనుకున్నారని మీరు సెలవిస్తున్నారా అని అడిగారు. హెడ్మాస్టరు గారు తన ఉద్దేశం అది కాదన్నారు.

"అయితే ఇది తరుగు," అన్నారు విశ్వంభరరావు గారు.

తరుగు మీద విచారణ సంఘం పడింది. సిబ్బంది రోజుకు కాస్త చొప్పున కారును ఇంటికి పట్టుకుపోయి ఉంటారన్నది మొదటి అనుమానం. డ్రిల్లు మాస్టారి స్కూటరు పసుపు రంగుది కావడంతో, అది మా కారులోంచి వచ్చిన భాగమేమోనని ఒక పూట నిలిపేశారు. ఆయన నడిచి ఇంటికి వెళ్ళి, దారిపొడుగునా నూకరాజును తిట్టుకున్నారట. తరవాతి అనుమానం నూకరాజు మీదే. రోజూ కుళాయి దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళినట్టు, నీళ్ళలో ఉతికాడా, కొన్ని రకాల బట్ట ఉతికితే ముడుచుకుపోతుంది కదా అని సంఘం అడిగింది.

"తుడిసేనండి," అన్నాడు నూకరాజు. "ఉతకనేదు."

నిపుణుల అభిప్రాయం కోసం నన్ను పిలిచారు. వస్తువులు కుదించుకుపోతాయా అని అడిగారు. చలికి పోతాయన్నాను. ఎంత అన్నారు. వెంట్రుకవాసి అన్నాను. మన జిల్లాలో అంత చలి ఎక్కడిది, నాలుగు మీటర్లు జానెడు కావడానికి ఎన్ని చలికాలాలు పట్టాలి అని వాళ్ళలో వాళ్ళు లెక్క వేసుకున్నారు. యాప్ పుట్టకముందు, బడి పుట్టకముందు, తెల్లదొరలు రాకముందు కారు కొని ఉండాలని తేలింది. అంత వెనక్కి వెళ్ళే అధికారం సంఘానికి లేదు. చివరికి, సబ్బు వాడుకలో అరిగినట్టే వాహనం నిత్య వినియోగంలో అరిగిపోయిందని నిర్ణయించారు. ఎవరి తప్పూ లేదు. శ్రద్ధగా వాడడమే కారణం. ఇకమీదట నడపరాదు. తుక్కు చేయాలి.

ఆ మాట విన్నాక నేను విశ్వంభరరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆ కారు నాదని చెప్పాను. మా ఆయన మొదలుపెట్టారనీ నేను ముగించాననీ, ఇచ్చేస్తే ఇంటికి తీసుకుపోతాననీ అన్నాను. ఆయన నన్ను కూచోమన్నారు. కఠినుడు కాదు ఆయన. నెమ్మదిగానే చెప్పారు.

"మీదంటే మీకిచ్చేస్తానమ్మా, ఇప్పుడే. అప్పుడేమవుతుంది? సొంత కారుకు ప్రభుత్వ డ్రైవరును వాడుకున్నట్టు. నూకరాజు ఉద్యోగం పోతుంది. ఒకరి సొంత కారును ప్రభుత్వానిదని ఫొటో పెట్టినట్టు. హెడ్మాస్టరు గారి మీద కేసు. ఇంకొక్కసారి ఆలోచించి చెప్పండి. కారు మీదేనా?"

నూకరాజు గుమ్మంలో ఉన్నాడు. "అవునని సెప్పెయ్యండి టీచరమ్మా," అన్నాడు. "నాకు బండి నేకండా బతకడం అలవాటే."

అతని జేబులో దువ్వెన, తెగిన గుండీ చోట పిన్నీసు కనబడుతున్నాయి. నాది కాదండీ అని చెప్పి వచ్చేశాను. నేను కొలత తప్పించి చెప్పిన మాట ఈ వ్యవహారం మొత్తంలో అదొక్కటే.

తుక్కు చేసే యంత్రం పెద్ద ట్రయిలరు మీద వచ్చింది. లారీలను అప్పడంలా నొక్కే యంత్రమది. గేటులో పట్టక ఒక స్తంభం పడగొట్టారు. వెంట క్రేను. నిబంధన ప్రకారం వాహనాన్ని క్రేనుతోనే ఎత్తాలి. కొక్కెం కారు కన్నా పెద్దది కావడం వల్ల, హెడ్మాస్టరు గారి కుర్చీని క్రేనుకు వేలాడదీసి, కుర్చీలో కారును పెట్టి ఎత్తారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆకాశంలో మా ఆయన చెయ్యెత్తి అందరినీ పలకరిస్తూ గిర్రున తిరిగారు. యంత్రం పలక మీద దించాక కారు ఎక్కడుందో పైనున్న ఆపరేటరుకు కనిపించలేదు. పక్కన ఎర్ర జెండా పాతారు. జెండా నీడలో కారు పూర్తిగా మునిగిపోయింది.

నేను పదో తరగతి కిటికీ దగ్గర నిలబడ్డాను. పాఠం చెబుతూనే ఉన్నాననుకున్నాను గాని, పిల్లలు అప్పటికే నోరు మూసుకుని నన్నే చూస్తున్నారు. సుద్దముక్క అక్కడ పెట్టి బయటికి వెళ్ళాను.

విశ్వంభరరావు గారు నిబంధనలు చదువుతున్నారు. "వాహనమునందు మానవులు గాని, పశువులు గాని, పక్షులు గాని లేవని సంబంధిత అధికారి స్వయముగా ధ్రువీకరించుకొనిన పిమ్మట మాత్రమే," అని చదివి, ధ్రువీకరించుకోవడానికి పలక మీదికి వంగారు. వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

"లోపల ఒకరున్నారు," అన్నారు.

యాప్‌లో చూస్తే ప్రయాణికులు ఒకరు. ఫిట్‌నెస్‌లో చూస్తే ఒకరు, బెల్టుతో సహా. కాదనడానికి లేదు. దించమని నూకరాజుకు చెప్పారు. ఎక్కినోళ్ళని తిప్పడమే తన ఉద్యోగమనీ, దిగమనే అధికారం తనకు ఇచ్చినట్టు ఏ కాయితంలోనూ లేదనీ నూకరాజు వినయంగా మనవి చేసుకున్నాడు. బెల్టు పెట్టుకుని కూచున్న మనిషిని బలవంతంగా దించితే అది వేరే శాఖ కిందికి వస్తుందన్నారు, ఆ పనికీ హాజరైన ఫిట్‌నెస్ ఇన్‌స్పెక్టరు గారు. పోలీసు స్టేషనుకు ఫోను చేస్తే, ఆయన మీద ఫిర్యాదేమిటని అడిగారు. కూచున్నాడని చెప్పారు. అటువైపు ఫోను పెట్టేశారు.

అప్పుడు హెడ్మాస్టరు గారిని దించమన్నారు. పోలినాయుడు గారు బడి మొత్తం చూస్తుండగా ముందుకు వచ్చారు. కాళ్ళు వణుకుతున్నాయి. పంట్లాం మీదనుంచే తెలుస్తోంది.

"ఆయన నాకు తెలుసండి," అన్నారు. "బ్యాంకుకెళితే ముందు కూచోండి కూచోండి అని మంచినీళ్ళు తెప్పించి, ఆ తరవాత పనేమిటని అడిగేవారు. అలాంటాయన్ని లేవండి అనడం నావల్ల కాదు. కావాలంటే శనివారం నిలబడి ఇదే చెబుతాను."

ఇక నోటీసు చదవడమొకటే మిగిలింది. తాము వెంటనే వాహనము నుండి దిగిపోవలెనని విశ్వంభరరావు గారు పలక ముందు నిలబడి గట్టిగా చదివారు. జవాబు లేదు. మళ్ళీ చదివారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఆ చెయ్యి ఎత్తడం అభ్యంతరం తెలపడమా, కాస్త ఆగమనడమా, లేక నమస్కారానికి సగమా అని ఇన్‌స్పెక్టరు గారికీ విశ్వంభరరావు గారికీ చర్చ జరిగింది. ఎండ ఎక్కింది. యంత్రం వాళ్ళు ఇంకో ఊరు పోవాలని గొణుగుతున్నారు. విశ్వంభరరావు గారు చుట్టూ చూసి, నన్ను చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, మీరు చెబితే దిగుతారా?"

మా ఆయన పోయాక ఆయన గురించి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళకు కాఫీలిచ్చి పంపేశాను. ఆవేళ ఎందుకో మాట దానంతటదే వచ్చింది.

"దిగరండి," అన్నాను. "బస్సెక్కితే మా స్టాపులో దిగింది ఎప్పుడూ లేదు. పక్కవాళ్ళతో మాటల్లో పడిపోయేవారు. నేను దిగిపోయి కిందనుంచి పిలిచేదాన్ని. చెయ్యెత్తి, వస్తున్నా వస్తున్నా అనేవారు. బస్సు కదిలిపోయేది. ఆఖరి స్టాపు దాకా పోయి, అక్కడ టీ తాగి, తిరుగు బస్సులో వచ్చేవారు. నేను స్టాపులోనే కూచునేదాన్ని."

విశ్వంభరరావు గారు జేబులోంచి కలం తీశారు. కొక్కేనికి వేలాడుతున్న కుర్చీ కిందికి దింపించి, అందులో కూచుని, తొడ మీద కాగితం పెట్టుకుని రాశారు. రాసినది నిలబడి చదివారు. ప్రయాణికుడు తన ఇష్టప్రకారం దిగువరకు సదరు వాహనమును తుక్కు చేయుట నిలుపుదల చేయడమైనది. అంతవరకు వాహనము ప్రయాణికుని కుటుంబము వారి సంరక్షణలో ఉండవలెను. ప్రయాణికుడు ఎప్పుడు దిగినను అందుబాటులో ఉండునట్లు డ్రైవరును కొనసాగించవలెను.

తరవాత కాగితం దించి, ఆఫీసు గొంతు కాకుండా మామూలు గొంతుతో, ఎంతకాలం పట్టవచ్చమ్మా అని అడిగారు.

"తొందరేం లేదండి," అన్నాను.

ఆ సాయంత్రం నూకరాజు కారును చేత్తో పట్టుకుని బస్టాపు దాకా నన్ను దిగబెట్టాడు. హారను కూడా కొట్టాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కారు ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరు కారును చూసి, లోపలికి తొంగి చూసి, లగేజీ కిందికి వస్తుందా మనుషుల కిందికి వస్తుందా అని కాసేపు ఆలోచించి, నాకొక్కదానికే టికెట్టు కొట్టాడు. పక్క సీటులో చేపలమ్మి ఇంటికి పోతున్న ఆమె, ఏటమ్మా అది, అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. సీరియల్ నుంచి మొదలుపెట్టాను.

మా స్టాపు వచ్చింది. కండక్టరు ఈల వేసి, టీచరు గారూ మీ స్టాపండీ అని పిలిచాడు. వస్తున్నా వస్తున్నా అన్నాను. బస్సు కదిలింది.

ఆఖరి స్టాపు నేను ఎప్పుడూ చూడలేదు. ఒక రావి మొక్క, రెండు బల్లలు, ఒక టీ కొట్టు. కారును బల్ల మీద పెట్టి టీ చెప్పాను. అక్కడి టీ ఇంకెక్కడా దొరకదని ఆయన అంటూ ఉండేవారు. దిగకపోవడానికి అదొక సాకు అనుకునేదాన్ని.

టీ నిజంగానే బాగుంది.